శుక్రవారం దాకా టికెట్లు లేవు

“పదకొండు గంటల రైలుకి ఆ బొమ్మల మాస్టారు దిగుతున్నాడు. దిగాక నేను అడగాల్సింది అడుగుతాను. మీరు మాత్రం అడ్డం రావద్దు బావగారూ,” అన్నాడు ఏసురాజు.

“అడగండి. అడగొద్దని ఎవరన్నారు? చెయ్యి చేసుకోవద్దంటున్నాను, అంతే,” అన్నాడు ఫిన్నీ.

“అది ఆయన చెప్పేదాన్ని బట్టుంటదండి.”

వరండాలో బావలిద్దరూ ఇలా మాట్లాడుకుంటూంటే, లోపలి గదిలో చాప మీద కూర్చుని ఏసురాజు చెల్లెలు ఆశాజ్యోతి చేటలో బియ్యం ఏరుతోంది. రేపు, పోయిన వారం చనిపోయిన తల్లి కోసం సంఘమంతా కలిసి ప్రార్థన చేసే ఆదరణ కూడిక. వచ్చే జనానికి వండాల్సిన బియ్యం. చేతులు చేటలో ఉన్నాయి గాని చెవులు రెండూ వరండాలోనే ఉన్నాయి. ఏరిన మట్టిగడ్డలు మళ్ళీ బియ్యంలోనే పడుతున్నాయి.

“భీమవరంలో ట్రావెల్స్ ఆయన కంప్యూటర్లో చూసి మరీ చెప్పాడండి,” ఏసురాజు గొంతు పెరిగింది. “కొలంబో నుంచి మద్రాసుకి రోజూ విమానం ఉందంట. ఆ వారమంతా సీట్లు ఖాళీయేనంట. మరి ఈ పెద్దమనిషి శుక్రవారం దాకా టికెట్లు లేవని ఎందుకు చెప్పాడంటారు?”

“తొందర్లో సరిగ్గా కనుక్కుని ఉండరు.”

“రైల్వేలో టికెట్లిచ్చే మనిషి మీరు. మీరే ఆ మాటంటే ఎలాగండి?”

నిడదవోలు స్టేషన్లో బుకింగ్ క్లర్కుగా ఫిన్నీ ఇన్నేళ్ళలో ‘లేవు’ అన్న మాట కిటికీలోంచి ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ నిజమే చెప్పాడు. అందుకే కాబోలు, పోయిన వారం ఆ మాట తన చెవిన పడ్డప్పుడు అనుమానం రాలేదు. పైగా, పరాయి దేశంలో దొరక్కపోతే ఏం చేస్తారు పాపం అని బావగారికి నచ్చజెప్పింది కూడా ఆయనే.

టికెట్లు లేవని చెప్పించింది తన భార్యేనని ఆ అమాయకుడికి తెలియదు. ఏసురాజుకీ తెలియదు. దొంగ కోసం ఊరంతా గాలిస్తూంటే, దొంగ ఇంట్లోనే కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది.

శనివారం సాయంత్రం పాలకొల్లులో దిగింది మొదలు ఆమెని ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అదే ఆమె ప్రాణానికి వచ్చిపడింది. వచ్చిన ప్రతి ఆడమనిషీ ఆమె తల నిమిరి, పెద్దావిడ ఆఖరి చూపు దక్కలేదా తల్లీ అని కళ్ళొత్తుకుని వెళుతోంది. ఏసురాజైతే గేటు దగ్గరే ఆమె రెండు చేతులూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“ఇంకొక్క పూట ఆగలేకపోయానమ్మా. నన్ను క్షమించు,” అన్నాడు.

క్షమించమని అడగాల్సిన నోరు ఆ పూట ఆమెది. అప్పుడు గాని ఆ తర్వాత గాని నిజం చెప్పడానికి ధైర్యం చాలలేదు.

బుల్లెమ్మ వదిన టీ గ్లాసు పట్టుకుని గదిలోకి వచ్చింది.

“కాస్త ఇది తాగు జ్యోతమ్మా. పొద్దుట్నించీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు నువ్వు.”

“వదినా, నేనొకసారి సమాధుల దొడ్డికి వెళ్ళొస్తాను. అమ్మని చూడాలి.”

“దారంతా బురదగా ఉందమ్మా. వాన తగ్గాక వెళ్దువుగానిలే.”

“వాన ఎప్పుడో తగ్గింది కదా.”

బుల్లెమ్మ చేట తన వైపు లాక్కుని బియ్యం ఏరడం మొదలుపెట్టింది. శనివారం నుంచీ ఇదే తంతు. సమాధుల దొడ్డి మాటెత్తితే చాలు, ఈ ఇంట్లో అందరికీ ఏదో ఒక పని గుర్తొస్తోంది.

“పోనీ అమ్మ మొహం ఎలా ఉందో అదైనా చెప్పు వదినా.”

“ఇప్పుడెందుకమ్మా అది?”

“చెప్పు.”

బుల్లెమ్మ చేతులాగాయి. “భీమవరం నుంచి ఐసు పెట్టె తెప్పిద్దామంటే వాయుగుండానికి కరెంటంతా పోయింది కదా. ఇక మీ అన్నయ్యే ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు మోయించుకొచ్చారు. రొయ్యల లారీల్లో వేసే దిమ్మలే. కింద ఊక పోసి, పట్టా పరిచి, అత్తయ్యగారిని దాని మీద పడుకోబెట్టాం. కరిగినకొద్దీ ఆయనే దిమ్మ పగలగొట్టి చుట్టూ వేసేవారు. ఇంకెవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. గురువారానికి మొహం నల్లబడిపోయింది. అప్పుడు దుప్పటి కప్పేశారు. మా చెల్లొచ్చాక నేనే తీస్తాను, అప్పటిదాకా ఎవరూ తియ్యొద్దన్నారు.”

“తర్వాత?”

“తర్వాత ఇంకేముంది? నువ్వు రాకముందే తీసుకెళ్ళాల్సొచ్చింది. ఎవరూ చూడలేదు.”

ఐసు ఫ్యాక్టరీలో మేస్త్రీ ఏసురాజు. ఇరవై ఏళ్ళుగా ఆ చలిలో చేపలకీ రొయ్యలకీ దిమ్మలు లెక్కపెట్టి ఎక్కించిన చేతులు అన్నయ్యవి. ఆ చేతులతో అమ్మ చుట్టూ ఐసు సర్దుతున్న అన్నయ్య ఆశాజ్యోతి కళ్ళ ముందు కనబడ్డాడు. టీ గ్లాసు పక్కకి జరిపేసింది.

అమ్మ పోయిన ఆ మంగళవారం తను ఏం చేస్తోంది?

సింహళంలో, నువర ఎలియ అనే ఊరి దగ్గర ఒక తేయాకు కొండ వాలు మీద, మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని కూర్చుంది.

ఆశాజ్యోతి ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగ్ టీచరు. ఉద్యోగంలో చేరింది మొదలు పిల్లల చేత కుండ, మామిడికాయ, కొబ్బరిచెట్టు గీయించి, గీత దాటకుండా లోపల రంగు నింపించింది. గీత దాటిన పిల్లకి మార్కులు కోసింది. తనూ అలాగే వేసేది. నలభై దాటాక, ఒక ఆదివారం రాజమండ్రిలో సత్యప్రసాద్ గారి క్లాసులో నీటిరంగుల బొమ్మలు చూసి, ఇన్నాళ్ళూ పిల్లలకి చెప్పిందంతా ఒక్క దెబ్బకి కొట్టుకుపోయినట్టయి ఇంటికొచ్చింది. ఆ పై ఆదివారం నుంచి ఆయన దగ్గర చేరింది. ఆయన ఏటా కొందరు శిష్యుల్ని వెంటబెట్టుకుని ఎక్కడికో ఒక చోటికి తీసుకెళతారు. ఈసారి దసరా సెలవులకి సింహళం కొండలకన్నారు. వెళ్ళి రావే, నీకంటూ ఏం సరదా ఉంది గనక అని సాగనంపింది తల్లి ఏసమ్మగారే.

అక్కడ మొదటి రోజులన్నీ ఏడుపే. ఆయన చెప్పేది ఒకటి, ఈమె చెయ్యి చేసేది ఇంకొకటి.

“కొండని గియ్యొద్దండి మేడమ్,” అనేవారు సత్యప్రసాద్ గారు. “కొండని చూస్తే మీకేమనిపిస్తోందో దాన్ని తడిలోకి వదలండి. మిగతాది నీళ్ళు చూసుకుంటాయి.”

ఆమె కాగితం మొత్తం తడిపేది, రంగు వదిలేది. అది పాకడం మొదలుపెట్టగానే గుండె జారిపోయి, కుంచెతో వెంటపడి సర్దేది. సర్దిన చోటల్లా బురద. కాగితం తర్వాత కాగితం బురద.

“ముట్టుకోకండి. ఆరేలోపు చెయ్యి వెనక్కి తీసుకోవాలి. ఇందులో చదువంతా అదేనండి.”

ఆ మంగళవారం కింద లోయలోంచి మంచు పైకెక్కింది. తేయాకు వరసలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. ఆశాజ్యోతి నీలంలో కాస్త మట్టిరంగు కలిపి, నిండా ముంచిన కుంచెని తడి కాగితం మీద ఒక్కసారి ఆనించి, తీసేసింది. రంగు కిందికి దిగింది, అంచులు విచ్చుకున్నాయి, వాటంతటవే కరిగి తెలుపులో కలిసిపోయాయి. కొండ వచ్చింది. తను గియ్యలేదు, దానంతటది వచ్చింది. ఆమె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మళ్ళీ ముట్టుకోలేదు.

అప్పుడే వెనక అడుగుల చప్పుడయింది.

“మేడమ్, గెస్ట్ హౌస్‌కి ఫోనొచ్చింది. మీ అన్నయ్యగారు చేశారు,” అన్నారు సత్యప్రసాద్ గారు. సంగతంతా ఆ గొంతులోనే ఉంది. “అమ్మగారు తెల్లవారుజామున పోయారటండి.”

ఆశాజ్యోతి తల తిప్పలేదు. కాగితం మీద తడి ఇంకా కదులుతోంది.

“రేపటి విమానానికి నేను పంపిస్తాను. గురువారం పొద్దున్నకి మీరు ఇంట్లో ఉంటారు. లేవండి, సామాను సర్దుకుందురుగాని.”

“టికెట్లు లేవని చెప్పండి.”

“ఏంటండి?”

“శుక్రవారం దాకా లేవని చెప్పండి. అలా చెబితే వాళ్ళు నాకోసం ఆగరు. ఇవాళే చేసేస్తారు.”

అమ్మ మీద ప్రేమ లేక కాదు. ఆ తల్లీకూతుళ్ళ మధ్య పొరపొచ్చాలు కూడా ఏమీ లేవు. అంత వయసొచ్చాక, తనదంటూ ఒక్కటి అప్పుడే చేతికి అందింది. వదిలేసి లేస్తే మళ్ళీ అందదని భయం వేసింది. అమ్మ ఎలాగూ లేదు, వెళ్ళినా చూసేది అమ్మని కాదు కదా అనుకుంది. అలా అనుకున్న మనసు మీద ఇప్పుడు ఆమెకే అసహ్యం వేస్తోంది గాని, ఆ పూట అనుకున్న మాట నిజం. తప్పని తెలిసే చేసింది.

ఆ పూట తట్టనిది ఒకటుంది. నాన్న పోయినప్పుడు తను ట్రైనింగు కాలేజీ నుంచి వచ్చేదాకా శవం దగ్గర కదలకుండా కూర్చున్న మనిషి అన్నయ్య. పిల్లలందరూ మొహం చూడకుండా పెట్టె మూయడం ఆ ఇంట్లో లేదు. శుక్రవారం అని చెబితే ఆగరనుకుంది. శుక్రవారం అని చెప్పింది గనకే ఏసురాజు ఆగాడు. ఫలానా రోజున వస్తుందని తెలిశాక చెల్లెలి కోసం ఆగకపోవడం ఆయన చేతకాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్న అన్నయ్యని ఆ ఒక్క క్షణం ఆమె మరిచిపోయింది.

గేటు చప్పుడయింది.

సత్యప్రసాద్ గారు ఎండకి వేసుకున్న గొడుగు ముడుచుకుంటూ లోపలికొచ్చారు. బక్కపల్చటి మనిషి, అరవైకి దగ్గర పడ్డవాడు. గోళ్ళ చుట్టూ రంగు ఎప్పుడూ పోదు. అందరికీ కలిపి ఒక నమస్కారం పెట్టి నిలబడ్డారు.

“కూర్చోండి,” అన్నాడు ఏసురాజు.

“పర్వాలేదండి.”

“కూర్చోమన్నాను కదండీ.”

ఆయన కూర్చున్నారు. ఆశాజ్యోతి గుమ్మం వెనక గోడకి ఆనుకుని నిలబడింది.

“టికెట్లు లేవని ఫోన్లో నాతో చెప్పింది మీరే కదండీ.”

“నేనేనండి.”

“ఎవర్ని కనుక్కుని చెప్పారు?”

సత్యప్రసాద్ గారు ఒక్కసారి గుమ్మం వైపు చూశారు. చూసి తల దించుకున్నారు.

“ఎవర్నీ కనుక్కోలేదండి. తప్పు నాది.”

“కనుక్కోలేదు. మధ్యలో ఒకళ్ళు ఏడుస్తూ వెళ్ళిపోతే మిగతావాళ్ళ సరదా పాడవుద్ది. అందుకని తోచింది చెప్పేశారు. అంతేనా?”

“అలాగే అనుకోండి.”

ఏసురాజు చెయ్యి లేచింది. ఫిన్నీ లేచి ఆ చెయ్యి పట్టుకున్నాడు. సత్యప్రసాద్ గారు మాత్రం కుర్చీలో వెనక్కి కూడా జరగలేదు.

“వదలండి బావగారూ, కొట్టను,” అన్నాడు ఏసురాజు, రొప్పుతూ. “మాస్టారూ, రేపు కూడికలో సంఘం ముందు నిలబడి ఈ మాటే మీ నోటితో చెప్పండి. చెప్పి క్షమాపణ అడగండి. రాజమండ్రిలో మీ దగ్గరికి పిల్లల్ని పంపేవాళ్ళు మా సంఘాల్లో చాలామంది ఉన్నారు. మీరెలాంటివారో వాళ్ళకీ తెలియాలి.”

“అడుగుతానండి.”

అడిగితే ఆయన క్లాసులో ఇక మిగిలేది ఖాళీ బల్లలేనని ఆశాజ్యోతికి తెలుసు. ఆయనకి ఆ పిల్లలు తప్ప ఇంకో బతుకు లేదు. చేసింది తను. అనుభవించేది ఆయన. ఇంకా ఈ గోడ వెనకే నిలబడితే తను మనిషేనా?

ఆమె గుమ్మం దాటి వరండాలోకి వచ్చింది.

“అన్నయ్యా, టికెట్లు లేవని చెప్పమన్నది నేను.”

ఏసురాజు ఆమె వంక జాలిగా చూశాడు.

“నువ్వు లోపలికెళ్ళమ్మా. చదువు చెప్పిన మాస్టారు కదాని ఏదో అంటున్నావు.”

“ఏదో అనడం కాదన్నయ్యా. ఆయన మర్నాటి విమానానికే పంపిస్తానన్నారు. నేనే వద్దన్నాను. శుక్రవారం అని చెప్పమంది కూడా నేనే.”

“అమ్మ పోయిందని నీకు ఎప్పుడు తెలిసింది?”

“మంగళవారం. నువ్వు ఫోన్ చేసిన కాసేపటికే.”

“తెలిసి రాలేదా?”

“రాలేదు.”

“ఎందుకని?”

చెప్పడానికి ఆమె దగ్గర ఉన్నది ఒక్కటే మాట. ఆ వరండాలో ఆ మాట ఎంత పనికిమాలినదిగా వినబడుతుందో ఆమెకి తెలుసు.

“బొమ్మ వేస్తున్నాను అన్నయ్యా.”

బుల్లెమ్మ లోపలి నుంచి వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఫిన్నీ తన భార్య వైపు చూడలేదు. సత్యప్రసాద్ గారి వైపు తిరిగాడు.

“ఆవిడ అడిగితే మీరెందుకు ఒప్పుకున్నారండి? మీరు పెద్దవారు కదా.”

“గట్టిగా చెప్పి పంపించాల్సిందండి,” అన్నారాయన మెల్లగా. “ఆ రోజే ఆవిడ చెయ్యి తిరిగింది. ఇన్నేళ్ళలో నా దగ్గర ఇంకెవరికీ అలా తిరగలేదు. కళ్ళారా చూశాను. ఉండిపోతానంటే నాకూ ఆశ పుట్టింది. అందుకే తప్పు నాదన్నాను. ఆ మాటలో అబద్ధం లేదండి.”

ఏసురాజు మెట్టు మీద కూర్చున్నాడు. అరుస్తాడనుకున్నారు అందరూ. ఆయన అరవలేదు. ఫ్యాక్టరీలో రోజువారీ సంగతి చెప్పినట్టు చెప్పుకుపోయాడు.

“మంగళవారం పొద్దున్నే గొయ్యి తవ్వించానమ్మా. నాన్న పక్కనే. అడుగంటా పొడి మట్టి. చర్చి అయ్యగారు కూడా చూసి మంచి చోటు దొరికిందన్నారు. అప్పుడు నీ కబురొచ్చింది. సరే ఆగుదాం అన్నాను. ఆ సాయంత్రం నుంచి వాన పట్టుకుంది.”

“వద్దండి బావగారూ,” అన్నాడు ఫిన్నీ.

“ఎందుకు వద్దండి? తెలుసుకోనివ్వండి. శుక్రవారం ఆ వానలో మేం నలుగురమే పెట్టె తీసుకెళ్ళేటప్పటికి గొయ్యి నిండా నీళ్ళు. మన నేల సంగతి నీకు తెలియంది కాదు. తోడేకొద్దీ ఊరుతున్నాయి. బావగారూ నేనూ బకెట్లతో తోడాం, చేతులు పడిపోయేదాకా. ఇంకో రోజు ఆగుదామంటే అమ్మ ఆగేలా లేదు. అలాగే దించాం. పెట్టె తేలిందమ్మా.”

ఏసురాజు తాడు వదిలినట్టు రెండు చేతులూ తెరిచాడు.

“తాళ్ళు వదిలితే పైకొస్తంది. మట్టి పోస్తే పక్కకి జారిపోతంది. ఇంక చేసేదేం లేక నేను దిగి పెట్టె మీద నిలబడ్డాను. అయ్యగారు ప్రార్థన చేస్తానే ఉన్నారు. నడుం దాకా మట్టి పడేవరకూ నేను అమ్మ మీద నిలబడే ఉన్నాను. నిన్ను అక్కడికి ఎందుకు తీసుకెళ్ళలేదో ఇప్పుడు తెలిసిందా?”

బుల్లెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“చెల్లికి టికెట్టు దొరకలేదు, ఎవరం ఏం చేస్తాం అని మనసుకి చెప్పుకుని ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాను. ఇప్పుడేం చెప్పుకోమంటావు?”

ఏసురాజు సత్యప్రసాద్ గారి వైపు తిరిగాడు.

“మాస్టారూ, రేపు మీరు ఇందాక ఒప్పుకున్నట్టే చెప్పండి. జ్యోతి నా పక్కన కూర్చుంటది. నోరెత్తదు.”

“అలాగేనండి,” అన్నారు సత్యప్రసాద్ గారు.

“అది అబద్ధం కదన్నయ్యా.”

“అబద్ధమే. కన్నకూతురు రానన్నందుకు ఏసమ్మ నీళ్ళలో తేలిందని ఊరంతా చెప్పుకునే కంటే ఈ అబద్ధం నయం.”

“ఆయన్ని బలి పెట్టి నేను నీ పక్కన కూర్చోలేను. రేపు అందరి ముందూ నేనే చెబుతాను.”

“చెప్పు. కాని సగం చెప్పి కూర్చుంటే కుదరదు. గొయ్యి సంగతి కూడా చెప్పాలి. మీ అన్న ఎవర్ని తొక్కి నిలబడ్డాడో, ఎవరి వల్ల నిలబడ్డాడో అంతా చెప్పాలి. అమ్మ పేరు ఊరి నోళ్ళలో ఎలా నానుతుందో విని, అప్పుడు నీ దారి నువ్వు చూసుకో. మళ్ళీ ఈ గుమ్మం ఎక్కకు.”

ఏసురాజు లేచి లోపలికి వెళ్ళిపోయాడు. బుల్లెమ్మ ఆయన వెనకే వెళ్ళింది. సత్యప్రసాద్ గారు గొడుగు చేతికి తీసుకున్నారు గాని, వెళ్ళాలో ఉండాలో తెలియక అక్కడే నిలబడ్డారు.

ఆశాజ్యోతి భర్త దగ్గరికి వచ్చింది.

“ఏవండీ, నన్నేం చెయ్యమంటారు?”

ఫిన్నీ దండెం దగ్గరికి వెళ్ళి తన చొక్కాలు రెండూ తీసి మడతపెట్టి సంచీలో పెట్టుకున్నాడు. వాటి పక్కనే ఆరేసి ఉన్న ఆమె చీరలు ముట్టుకోలేదు.

“బావగారూ,” అని లోపలికి కేకేసి చెప్పాడు, “నేను నిడదవోలు వెళుతున్నానండి. రేపు కూడిక వేళకి వస్తాను. ఒక్కణ్ణే వస్తాను, ఒక్కణ్ణే వెళ్ళిపోతాను.”